ఇనుప చేతులు నాలుగు, సొంత చేతులు రెండు

తెనాలి,
18-5-2025, ఆదివారం.

చి. బుజ్జికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం. దీని తర్వాత "నువ్వు క్షేమమని తలుస్తాను" అని రాయాలి కదా. ఎన్నో ఏళ్ళుగా చేతికి అలవాటైన వాక్యం. ఈసారి రాయబోయి ఆగాను. ఎలా ఉన్నావో నువ్వే రాయి.

ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా, సాయంత్రం చేస్తా" అన్నావు. ఆ సాయంత్రం గడిచి మూడు వారాలైంది. "పని ఒత్తిడేమోలెండి" అంటుంది మీ అమ్మ, కానీ రాత్రి పదకొండింటిదాకా ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుంటోంది. నాకైతే ఏం టెన్షన్ లేదు. రిటైరయ్యాను కాబట్టి బోలెడు టైముంది, అందుకని రాస్తున్నాను. ప్రత్యేకించి విషయమంటూ ఏమీ లేదు.

చిన్నత్త హైదరాబాద్ నుంచి మొన్న వచ్చింది. జ్యోతక్క వాళ్ళ గృహప్రవేశానికి నువ్వూ వెళ్ళావటగా. మాకు చెప్పలేదు, సరే. చీర బాగుందట. చిక్కిపోయావట. భోజనాల దగ్గర స్పూను అడిగి తెప్పించుకుని ఎడంచేత్తో తిన్నావట. కుడిచెయ్యి కొంగు కింద పెట్టుకున్నావట, మణికట్టుకి నల్ల బెల్టేదో కనపడిందట. చిన్నత్త సంగతి నీకు తెలియనిదా, కొత్తిమీర కట్టని చూసి అరటిగెల అని చెప్పే రకం. అందుకే నేను పట్టించుకోలేదు. పప్పుచారన్నం స్పూనుతో ఎలా తిన్నావా అని మాత్రం అనిపించింది.

అది పక్కన పెట్టు. ఇక్కడి సంగతులు చెప్తాను.

ఎండాకాలం సెలవులని వరండాలో డ్రాయింగ్ క్లాసు పెట్టాను. జనవరి నెలాఖరున ఇంట్లో కూర్చున్నవాణ్ణి ఏప్రిల్ దాకా భరించి, ఇక నా వల్ల కాదంది మీ అమ్మ. ఫీజు లేదు. పొద్దున ఏడింటి నుంచి తొమ్మిదింటిదాకా, ఎండ ముదరకముందే. మొదటిరోజు పదకొండు మంది వచ్చారు. నా పద్ధతి నీకు తెలుసుగా, కుండ, చెంబు, కొబ్బరిచెట్టు. మూడోరోజుకి ఆరుగురు మిగిలారు. నాలుగోరోజు పాలకేంద్రం వాళ్ళ పండు లేచి నిలబడి, "మాస్టారూ, డాక్ ఆక్ నేర్పుతారా?" అన్నాడు.

అది పేరో దగ్గో నాకు అర్థం కాలేదు. వాళ్ళక్క ఫోన్లో బొమ్మ చూపించింది. చూడగానే పోల్చుకున్నాను. 2004లో స్పైడర్‌మ్యాన్ రెండో సినిమా తెలుగులో డబ్బింగై వస్తే రాంబాబు బాబాయి నిన్ను తీసుకెళ్ళాడు. మర్నాడు నువ్వు వంటింటి తలుపు వెనకాల బొగ్గుతో ఈ మనిషినే గీశావు. తొమ్మిదేళ్ళదానివి. "ఇరవై చేతుల రావణాసురుడు మనకుండగా ఈ నాలుగు చేతులవాడెందుకే" అని కసిరాను. నువ్వు మాట్లాడకుండా తడిగుడ్డ తెచ్చుకుని తుడిచేశావు. తుడిచినా పైనున్న ఒక చెయ్యి మరక చాలా ఏళ్ళు ఉండేది, గడియ పక్కన. నిరుడు రంగులేయించినప్పుడు పోయింది.

సరే, నేర్పాలంటే ముందు నేను నేర్చుకోవాలిగా. రెండు రాత్రులు కూర్చుని చదివాను. ఈ డాక్ ఆక్, అంటే డాక్టర్ ఆక్టోపస్ అనే విలన్, 1963 జూలైలో, స్పైడర్‌మ్యాన్ కామిక్ మూడో సంచికలో పుట్టాడు. కథ స్టాన్ లీ, బొమ్మలు స్టీవ్ డిట్కో. నేనూ 1963 వాణ్ణే కదా, మేమిద్దరం ఒక ఈడువాళ్ళం అంటే పిల్లలు నన్ను కిందికీ పైకీ చూశారు. అసలు పేరు ఒట్టో ఆక్టేవియస్, శాస్త్రవేత్త. రేడియేషనున్న సరుకు చేత్తో ముట్టుకోకూడదు కాబట్టి, దూరం నుంచి పట్టుకోవడానికి ఈ ఇనుప చేతుల్ని నడుముకి తగిలించుకుంటాడు. ఒకరోజు ప్రయోగశాలలో పేలుడు జరిగి అవి ఒంటికి అతుక్కుపోతాయి. ఇక ఊడి రావు. మనసులో అనుకుంటే చాలు, కదులుతాయి. వాడు పుట్టుకతో రాక్షసుడు కాదు బుజ్జీ. పనిమంతుడు. పని కోసం తగిలించుకున్న సామాను తీసెయ్యడానికి లేకుండా పోయింది, అంతే.

రోజుకి పన్నెండు గంటలు ఆ ట్యాబ్ మీద పెన్ను పట్టుకుని కూర్చుంటానని నువ్వే ఒకసారి గొప్పగా చెప్పావు. ఊరికే గుర్తొచ్చి రాశాను.

ఆ డిట్కో గురించి కూడా చదివాను. జాన్స్‌టౌన్ అని అమెరికాలో ఉక్కు ఫ్యాక్టరీల ఊరు, వాళ్ళ నాన్న స్టీలు మిల్లులో వడ్రంగి. ఇనుము అలా వంగడం ఎక్కడ చూశాడో నాకు అర్థమైంది అనుకున్నాను, నిజమో కాదో. మొహం కంటే చేతులతోనే ఎక్కువ చెప్తాడు ఆయన బొమ్మల్లో. వేళ్ళు చూస్తే ఆ మనిషి భయపడుతున్నాడో, కుట్ర పన్నుతున్నాడో తెలిసిపోతుంది. చాలా ఏళ్ళు ఇంటర్వ్యూలే ఇవ్వలేదట, 2018లో పోయాడు. అంత ముభావి కూడా ఎవరైనా ఉత్తరం రాస్తే మాత్రం జవాబు రాసేవాడట.

క్లాసు సంగతికి వస్తాను. పిల్లలందరూ చేసే తప్పు ఒకటే. ముందు మొహం వేస్తారు, కళ్ళజోడు వేస్తారు, మీసాలు లేనివాడికి మీసాలు కూడా వేస్తారు, చివరికి కాగితంలో మిగిలిన జాగాలో నాలుగు చేతులూ ఇరికిస్తారు. చేతులు ములక్కాడల్లా విరిగినట్టుంటాయి. నేను పెన్సిళ్ళు లాగేసుకున్నాను. తలా ఒక చెంబు నీళ్ళు, పాత సున్నం బ్రష్షు ఇచ్చి వరండా గచ్చు మీద గీయమన్నాను. పాము పాకినట్టు ఒకే గీత, ఈ చివర నుంచి ఆ చివరకి, మధ్యలో ఆపకుండా. మణికట్టు కదపొద్దు, భుజం కదలాలి. ఎండకి గీత రెండు నిమిషాల్లో ఆరిపోతుంది, మళ్ళీ గీయడమే. రబ్బరుతో పని లేదు. గంట గడిచేసరికి పండు గీత నిజంగా పాకింది.

భుజంతో గియ్యమని నీకూ చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాను. విన్నావా? అంతా మణికట్టుతోనే. చిన్న చిన్న గీతలు, వెంట్రుకల్లాంటివి, గంటలు గంటలు. ముద్దుగా ఉంటాయి, కాదనను. కానీ ఆ మణికట్టు సందులోంచే కదమ్మా వేళ్ళకి వెళ్ళే నరం పోయేది. తెల్లవారుజామున తిమ్మిరెక్కి మెలకువ వస్తోందా? బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు? మా కంప్యూటర్ మాస్టారికి అలాగే మొదలైంది. చిటికెనవేలు బాగానే ఉందని ఆయన ఏడాది పాటు డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. నీకు అలా ఉందని నేను అనడం లేదు.

వాషింగ్ మెషిన్ కథ చెప్తాను, నవ్వొస్తుంది నీకు.

నడుమ గీత వచ్చింది, దాని చుట్టూ గొట్టం ఎలా కట్టాలి? పిల్లలు గీతకి అటొక గీత, ఇటొక గీత గీసి మధ్యలో నిచ్చెన మెట్లలా అడ్డగీతలు పెడుతున్నారు. అది చెయ్యిలా లేదు, రైలుపట్టాలా ఉంది. అసలు గొట్టం చూపిద్దామని మెషిన్ వెనకాల నీళ్ళు పోయే ముడతల గొట్టం ఊడదీసి తెచ్చాను. పిల్లల మధ్య పెట్టి వంచాను. వంపు లోపలివైపు ముడతలు నలిగి ఒకదానిమీద ఒకటి పడ్డాయి, బయటివైపు విచ్చుకున్నాయి. అందరూ ముట్టుకుని చూశారు. చెంగయ్యగారి మనవరాలు, ఐదో తరగతి, ఎప్పుడూ నోరు విప్పదు, "ఏనుగు తొండం కూడా ఇంతే మాస్టారూ" అంది. నా ముప్ఫైయ్యేళ్ళ సర్వీసులో విన్న మంచి మాటల్లో ఇదొకటి. ఆ సంతోషంలో నేనుండగా లోపల మీ అమ్మ దుప్పట్లు వేసి మెషిన్ ఆన్ చేసింది.

నీళ్ళు వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి దేవుడి గూడు దాకా వచ్చాయి. మీ తాతగారి కావడిపెట్టె అడుగు తడిసింది. "మాస్టారూ, మీ ఇంట్లోంచి సముద్రం వస్తోంది" అని పండు అరిచాడు. ఆరుగురు పిల్లలూ చీపుళ్ళు, గోనెసంచులు పట్టుకుని తుడిచారు. మీ అమ్మ ఒక్క మాట అనలేదు. అంటే ఎంత కోపమో అర్థం చేసుకో. మధ్యాహ్నం కూరలో ఉప్పు లేదు. నేనూ అడగలేదు.

సాయంత్రం తనే తన పాత మట్టిగాజుల పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. "గుండ్రాలే కదా మీకు కావాల్సింది, వీటితో చెప్పుకోండి. మెషిన్ జోలికి రాకండి" అంది. దండెం కట్టే ఇనుప తీగకి డజను గాజులు ఎక్కించి, తీగని పాములా వంచి కిటికీ ఊచలకి కట్టాను. మర్నాడు ఆరుగుర్నీ ఒక్కో చోట కూర్చోబెట్టి ఏ గాజు ఎలా కనపడుతోందో అలాగే వెయ్యమన్నాను. పక్కనుంచి చూస్తే గాజు గీత. కొంచెం తిరిగితే కోడిగుడ్డు. మనవైపు వచ్చేది నిండు గుండ్రం. గాజు మారలేదు, మనం కూర్చున్న చోటు మారింది. దూరం పోయేకొద్దీ చిన్నవి, దగ్గరికి వచ్చేకొద్దీ పెద్దవి. "అంటే డాక్ ఆక్ నన్ను పట్టుకోవడానికి వస్తే గాజు నా మొహమంత వెయ్యాలి" అన్నాడు పండు. ఇంతకంటే నేనేం చెప్పాలి? హయ్యర్ గ్రేడ్ పరీక్షకి మూడుసార్లు చదివినా నాకు అంత తేలిగ్గా ఎక్కలేదు.

కొనలకి మూడువేళ్ళ పట్టకారు పెట్టాలి. దానికి అటక మీది పాతాళ గరిగె దింపాను, బావి పూడ్చాక ఎవరికీ పనికిరాకుండా పడుంది. కొక్కేలు ఎలా విచ్చుకుంటాయో, ఎక్కడ కలుస్తాయో చూసి వేశారు. అది ఏంటో ఒక్కరికీ తెలియదు. బావిలో పడ్డ బకెట్టు తీసేదిరా అంటే, బావిలో బకెట్టు ఎందుకు పడుతుంది అని అడిగారు.

తళుకు వెయ్యడం మాత్రం చాలామంది పాడుచేశారు. ఇనుము కదా అని అంతా బూడిదరంగు పులిమేశారు. నిలువునా సన్నటి తెల్లచార వదిలి, దాని పక్కనే గట్టిగా నలుపు పెడితేనే ఇనుము మెరుస్తుంది. వదిలెయ్యడం పిల్లలకి రాదు. పెద్దవాళ్ళకీ రాదనుకో.

ఒక ఆదివారం వాళ్ళని ఇక్కడ ఇనుప తుక్కుతో విగ్రహాలు చేసే షెడ్డుకి తీసుకెళ్ళాను. నట్లు, బోల్టులు, బండి చెయిన్లు, గేరు చక్రాలు కలిపి మనిషిని చేసేస్తారు వాళ్ళు. నీకు కొత్త కాదు, నువ్వు ఇంటర్లో ఉండగా అక్కడే తిరిగేదానివి. బండి చెయిను ముక్క ఒకటి అడిగి తెచ్చుకున్నాం. అది రెండువైపులకే వంగుతుంది, గొట్టంలా మెలి తిరగదు. ఆ తేడా పిల్లలే కనిపెట్టారు. ఆ సినిమాలో కూడా కొన్ని సీన్లకి తోలుబొమ్మల్లాగే మనుషులు వెనక నుంచి ఆ చేతుల్ని ఆడించారట, ఒక్కో చేతికి నలుగురు. ఉత్త ఇనుప చెయ్యి ఒకటి బతికున్నట్టు కనపడాలంటే నలుగురి కష్టం కావాలన్నమాట.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది పండు బొమ్మ గురించి. పది రోజులకి అందరిలోకీ వాడిదే బాగా వచ్చింది. బోర్లించిన గిన్నెలాంటి జుట్టు, గుండ్రటి నల్ల కళ్ళజోడు, బొద్దు ఒళ్ళు. రెండు చేతులు గోడ పట్టుకున్నాయి, ఒకటి నేలకి ఆనింది, ఒకటి మన మొహం మీదకొస్తోంది. బరువంతా ఇనుప చేతుల మీదే ఉంది కాబట్టి కాళ్ళు గాలిలో వేలాడాలని నేను చెప్పకుండానే వేశాడు. అన్నీ బాగున్నాయి గానీ ఏదో వెలితి. లెక్కపెట్టాను. ఇనుప చేతులు నాలుగు, కాళ్ళు రెండు. ఎనిమిది కావాలి కదా ఆక్టోపస్ అంటే. సొంత చేతులు ఏవిరా అని అడిగాను.

"జేబుల్లో పెట్టేశాను మాస్టారూ" అన్నాడు. "చేతులు సరిగ్గా రావడం లేదు, అందుకని కనపడకుండా దాచేశాను."

మిగతా పిల్లలు పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ రోజు ఎనిమిదిన్నరకే క్లాసు వదిలేశాను.

వీడియో కాల్‌లో నువ్వు ఫోన్ దేనికో ఆనించి పెడతావు. మొహం ఒక్కటే కనపడుతుంది. ఇదివరకు మాట్లాడుతూ చేతులు ఊపేదానివి, "చెయ్యి దించవే, మొహం కనపడ్డం లేదు" అని అమ్మ విసుక్కునేది. ప్రతి ఉగాదికీ నీ చేత్తో వేసిన కార్డు వచ్చేది, కాలేజీలో చేరినప్పటి నుంచీ ఒక్క ఏడు తప్పలేదు, బీరువాలో వరసగా ఉన్నాయి. ఈసారి వాట్సాప్‌లో ఎవరో చేసిన మామిడితోరణం ఫార్వర్డ్ వచ్చింది. బాగానే ఉంది. అమ్మ దాన్ని స్టేటస్ కూడా పెట్టుకుంది.

బెల్టు పెట్టుకుంటే పెట్టుకున్నావు, రాత్రి నిద్రలో కూడా ఉంచమన్నారా, పగలేనా? ఆపరేషన్ అన్నారా? ఇంకో డాక్టరుకి కూడా చూపించు. చెయ్యాల్సిందే అంటే చేయించుకో, వాయిదా వెయ్యకు. తల ఎవరు దువ్వుతున్నారు? బండి నడుపుతున్నావా? నడపకు. ఉద్యోగం సంగతి తర్వాత. సెలవు ఇవ్వకపోతే మానెయ్యి, ఆ ఆఫీసుకి నువ్వు కాకపోతే ఇంకొకరు. నాకు పెన్షన్ వస్తోంది. మానేశావనీ, నిన్ను మానిపించారనీ కూడా చిన్నత్త ఏదో గొణిగింది, అది నేను అడగను. ఇష్టమైతే చెప్పు. లెక్చరు ఇవ్వకూడదని మొదట్లోనే అనుకున్నాను, అయినా చెప్తున్నాను, నొప్పిని పళ్ళబిగువున ఓర్చుకోవడం గొప్ప కాదు. బొమ్మలేసేవాళ్ళకి అసలే కాదు. మీ తాతగారు గోడల మీద అక్షరాలు రాసీ రాసీ కుడి భుజం ఎత్తలేని స్థితికి వచ్చారు, చివరి రోజుల్లో గుండీలు నేను పెట్టేవాణ్ణి. నువ్వు చూశావు.

నా శుక్లం ఆపరేషన్ పది రోజుల తర్వాత చెప్పానని నువ్వు ఇప్పటికీ దెప్పుతావు. అది వేరు. అప్పుడు నీకు డెడ్‌లైన్ ఉంది. నేను దాచలేదు, చెప్పడం ఆలస్యమైంది.

ఈ ఉత్తరం పార్శిల్లోనే పెడుతున్నాను. అమ్మ సున్నుండలు, జంతికలు, అటుకుల మిక్చరు కట్టింది. చిన్నత్త మాట నమ్మనంటుంది గానీ, చేత్తో కలుపుకోవాల్సిన పొడులు ఈసారి ఒక్కటీ పెట్టలేదు. నేను గమనించాను, అడగలేదు. ఆవకాయ ఒక్కటి తప్పదుగా, చిన్న డబ్బా పెట్టింది.

అట్ట మధ్యలో పండు బొమ్మ ఉంది, మడత పడకుండా చూడు. జేబుల్ని రబ్బరుతో చెరిపించాను. ఆ రెండు చేతుల చోటు ఖాళీగా ఉంచాం. హైదరాబాద్‌లో మా ఆర్టిస్టు వేసి పంపుతుందని వాడికి మాటిచ్చాను. జూన్ 12న బళ్ళు తెరుస్తారు, ఆలోగా పంపు. ఎడంచేత్తో వేసినా సరే. గీత వణికినా ఫర్వాలేదు, వాడికేం తెలియదు.

నాన్న.

తా.క. ఆవకాయ డబ్బా మూత అమ్మ బాగా బిగించింది. నువ్వు తియ్యకు. పక్క ఫ్లాటు వాళ్ళెవరైనా ఉంటే తీయించుకో.